ఈ లైను ఎందుకుంది?

పోయిన నెల మా టీమ్‌లో కొత్తగా చేరిన హనుమకొండ కుర్రాడు ఒకటి అడిగితే ఇవ్వనన్నాను. నానక్‌రామ్‌గూడలో మా ఆఫీసు వెనక టీ బండి దగ్గర నిలబడి ఉన్నాం. "అన్నా, నువ్వు రెండక్షరాలు కొడితే సర్వర్ల లాగిన్ అయితున్నవ్. నేనేమో అడ్రసంతా టైపు చేసుకుంట కూసుంటున్న. నీ బాష్‌ఆర్‌సీ ఫైలు నాక్కూడ పంపవా?" అన్నాడు. "పంపను తమ్మీ" అన్నాను. వాడి మొహం చిన్నబోయింది. సాయంత్రం లిఫ్టులో కలిస్తే రెండు ముక్కల్లో కారణం చెప్పబోయాను గానీ, ఆరో అంతస్తు నుంచి కిందికి దిగేలోపు చెప్పగలిగే విషయం కాదది. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఈ లోకం తెలియనివాళ్ళ కోసం ఒక మాట. లైనక్స్‌లో గానీ మ్యాక్‌లో గానీ టెర్మినల్ తెరవగానే షెల్ అనే ప్రోగ్రాము మొదలవుతుంది. మనం టైపు చేసే కమాండ్లు తీసుకునేది అదే. మొదలవగానే అది మన హోమ్ ఫోల్డర్‌లో ఉన్న ఒకటి రెండు ఫైళ్ళు చదువుతుంది. షెల్‌లలో రకాలున్నాయి. మనది బాష్ అయితే బాష్‌ఆర్‌సీ, జీషెల్ అయితే జీషెల్‌ఆర్‌సీ. పొడుగు కమాండ్లకు పొట్టి పేర్లు, కమాండు కోసం ఎదురుచూస్తూ షెల్ చూపించే ప్రాంప్ట్ ఎలా కనపడాలి, పాత కమాండ్లు ఎన్ని గుర్తుపెట్టుకోవాలి, ఇవన్నీ వాటిలో రాసుకుంటాం. వాటి పేర్లు చుక్కతో మొదలవుతాయి కాబట్టి మామూలుగా లిస్టు చూస్తే కనపడవు. ఏళ్ళ తరబడి కమాండ్ లైన్ మీద బతికేవాళ్ళకు ఈ చుక్క ఫైళ్ళు వంటింట్లో పోపుల డబ్బా లాంటివి. ఆవాలు ఏ గిన్నెలో ఉన్నాయో చూడకుండానే చెయ్యి పోతుంది.

నేను గట్టిగా నమ్మేది ఏమిటంటే, ఆ ఫైల్లో ఉండే ప్రతి లైనూ మనకు ఎదురైన ఒక ఇబ్బందికి జవాబుగా మనమే రాసుకున్నదై ఉండాలి. ఆ ఇబ్బంది ఏమిటో పైన ఒక కామెంట్‌లో, అంటే షెల్ పట్టించుకోని మాటల్లో, మనం ఆలోచించే భాషలో రాసి ఉండాలి. ఎందుకుందో చెప్పలేని లైను ఎంత ముచ్చటగా పనిచేస్తున్నా సరే, ఉండకూడదు. ఇది నాకు ఊరికే తట్టిన విషయం కాదు.

2011లో సూర్యాపేట నుంచి అమీర్‌పేట వచ్చాను. ఎస్.ఆర్. నగర్‌లో హాస్టలు, మైత్రీవనం పక్క సందుల్లో లైనక్స్ అడ్మిన్ కోర్సు. ఆ సందుల్లో తిరిగినవాళ్ళకు జిరాక్స్ షాపులు గుర్తుండే ఉంటాయి. ఏ కోర్సు నోట్సు కావాలన్నా కట్టలు కట్టి అమ్మేవాళ్ళు. ఎవరో ఎప్పుడో క్లాసులో రాసుకున్న నోట్సు, దానికి కాపీ, ఆ కాపీకి మళ్ళీ కాపీ. అంచుల్లో అక్షరాలు తెగిపోయి ఉండేవి. నేను కొన్న కట్టలో కొన్ని కమాండ్ల పక్కన బాణం గుర్తు వేసి "ఇంపార్టెంట్" అని ఉండేది. ఎందుకు ఇంపార్టెంటో ఉండేది కాదు. రాసుకున్న మనిషికి ఆ రోజు తెలుసు. నాకు తెలిసే దారి లేదు.

హాస్టల్లో నా రూమ్‌లో ఉండే సీనియర్ అన్న అదే తీరుగా తన బాష్‌ఆర్‌సీ నాకు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. ప్రేమగానే ఇచ్చాడు. ఆరొందల లైన్ల పైన ఉండేది. ప్రాంప్ట్‌కి ఆకుపచ్చ రంగు, పక్కన టైము, ఫోల్డర్ పేరు. నా టెర్మినల్ చూస్తే అందరూ ఆగి చూసేవాళ్ళు. నాకు భలే గర్వంగా ఉండేది. ఆ లైన్లలో ఒకటి, ఫైళ్ళు చెరిపే ఆర్‌ఎం కమాండుకు "మైనస్ ఐ" తగిలించే అలియాస్, అంటే మారుపేరు. అంటే ఆర్‌ఎం అని కొట్టినప్పుడల్లా "ఈ ఫైలు తీసెయ్యమంటావా?" అని ఒక్కో ఫైలుకూ అడుగుతుంది. ఇన్‌స్టిట్యూట్ ల్యాబ్‌లో ఉండే సెంట్‌ఓఎస్ అనే లైనక్స్ మిషన్లలో కూడా, అన్ని అధికారాలూ ఉండే రూట్ యూజర్‌కి ఆ లైను మొదటి నుంచే పెట్టి ఉంటుంది. దాంతో రూమ్‌లోనూ ల్యాబ్‌లోనూ ఆర్‌ఎం నన్ను అడుగుతూనే ఉండేది. నాకో అలవాటు పడిపోయింది. ఒక ఫోల్డర్‌లో కొన్ని ఉంచి కొన్ని తీసెయ్యాలంటే, ఆర్‌ఎం, పక్కన "అన్ని ఫైళ్ళూ" అని అర్థమొచ్చే నక్షత్రం గుర్తు కొట్టి, అడిగిన ప్రతిదానికీ వై, ఎన్ నొక్కుకుంటూ పోయేవాణ్ణి. జల్లెడ పట్టినట్టు ఉండేది.

2013లో మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం. ఒక రోజు సాయంత్రం క్లయింట్ సర్వర్‌లో పాత లాగ్ ఫైళ్ళు కొన్ని తీసెయ్యమన్నారు. అది డెబియన్ అనే ఇంకో రకం లైనక్స్ సర్వర్. లాగిన్ అయ్యాను, ఫోల్డర్‌లోకి వెళ్ళాను, ఆర్‌ఎం, నక్షత్రం, ఎంటర్. వై మీద వేలు పెట్టుకుని ప్రశ్న కోసం చూస్తున్నాను. ప్రశ్న రాలేదు. ప్రాంప్ట్ వచ్చి కూర్చుంది. లిస్టు చూస్తే ఖాళీ. పాత లాగ్‌లతో పాటు ఆ రోజు తయారైన రిపోర్టులు, ఆ అప్లికేషన్ సెట్టింగుల ఫైళ్ళు మూడు, అన్నీ పోయాయి. చేతులు చల్లబడ్డాయి. ముందు రోజు రాత్రి బ్యాకప్ నుంచి తెచ్చి నిలబెట్టేసరికి రాత్రి రెండయింది. ఆ రోజు రిపోర్టులు మాత్రం తిరిగి రాలేదు.

రెండేళ్ళపాటు ఆ ప్రశ్న ఆర్‌ఎం అడుగుతోందనే అనుకున్నాను. అడుగుతున్నది ఆ ఒక్క లైను. ఆ లైను ఆ సర్వర్‌లో లేదు. నేను రాసుకున్న లైనే అయితే అది ఎక్కడ ఉందో, ఎక్కడ లేదో నాకు తెలిసి ఉండేది. ఒకరి దగ్గర తెచ్చుకున్నది కాబట్టి అది ఉందన్న సంగతే మర్చిపోయాను. ఇది నా ఒక్కడి అజాగ్రత్త అని కొట్టిపారేయకండి. ఆరొందల లైన్లు ఒక్క రాత్రిలో మన ఇంట్లోకి వస్తే వాటిలో ఏ ఒక్కదాన్నీ మనం చదవం.

అప్పటి నుంచి పాటిస్తున్నది ఒకటుంది. ఉన్న కమాండు పేరుకు కొత్త అర్థం పెట్టను. నాకు జాగ్రత్తగా తీసేసే కమాండు కావాలి కాబట్టి ఇంగ్లిష్ అక్షరాల్లో "తీసెయ్" అని సొంత ఫంక్షన్ రాసుకున్నాను. అది ఫైళ్ళను చెరపదు, తేదీ వేసిన చెత్త ఫోల్డర్‌లోకి జరుపుతుంది. వేరే సర్వర్‌లో పొరపాటున తీసెయ్ అని కొడితే అలాంటి కమాండే లేదంటుంది. అక్కడితో ఆగిపోతుంది. ఒక్క ఫైలు కూడా పోదు. అదే ఆర్‌ఎం అర్థం మార్చి పెట్టుకుంటే, ఆ అర్థం లేని చోట మన వేళ్ళే మనల్ని ముంచుతాయి.

అసలు ఈ ఫైళ్ళకు చుక్క ఎలా వచ్చిందో తెలిసినప్పుడు నాకు చాలాసేపు మనసంతా అదే. బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ మీద పనిచేసిన రాబ్ పైక్ 2012లో ఈ సంగతి రాశారు. లైనక్స్, మ్యాక్ లాంటివాటికి పెద్దదిక్కైన యూనిక్స్ తొలి రోజుల్లో ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టే ఏర్పాటు వచ్చినప్పుడు, ప్రతి ఫోల్డర్‌లోనూ ఒక చుక్క, రెండు చుక్కలు అనే రెండు ఎంట్రీలు పెట్టారు. ఒకటి ఉన్న చోటు, ఇంకొకటి పై చోటు. ఫైళ్ళ లిస్టు చూపించే ఎల్‌ఎస్ కొడితే ఆ రెండూ కనిపించి చికాకు పెడుతున్నాయని, వాటిని దాచడానికి ఒక చిన్న పరీక్ష రాశారు. పేరులో మొదటి అక్షరం చుక్క అయితే వదిలెయ్. పేరు మొత్తం పోల్చి చూడాల్సింది, మొదటి అక్షరం చూసి సరిపెట్టారు. దాంతో చుక్కతో మొదలయ్యే ప్రతి ఫైలూ మాయమైపోయింది. ఎవరూ అనుకుని చేసింది కాదది. తర్వాత ప్రోగ్రాములు రాసేవాళ్ళందరూ తమ సెట్టింగులు ఆ కనపడని మూలకు తోయడం మొదలుపెట్టారు. ఇప్పుడు మీ హోమ్ ఫోల్డర్‌లో దాచిన ఫైళ్ళు కూడా చూపించమని అడిగి చూడండి, ఎన్ని బయటపడతాయో. తొందరలో రాసిన ఒక్క లైను ఐదు దశాబ్దాల తర్వాత కూడా మన అందరి ఇళ్ళలో ఉంది. బాష్‌ఆర్‌సీ చివర ఉండే ఆర్‌సీ కూడా పాతదే. 1960లలో ఎంఐటీలో సీటీఎస్‌ఎస్ అనే సిస్టమ్‌లో, కమాండ్లు వరసగా రాసిన ఫైలును నడిపే రన్‌కామ్ ఉండేది. లూయీ పూజాన్ తెచ్చింది. దాని పొట్టి రూపమే ఆర్‌సీ. షెల్ అన్న పేరు పెట్టింది కూడా ఆయనే.

ఇప్పుడు తెలుగు సంగతి. నా ఫైల్లో కామెంట్లన్నీ తెలుగులో ఉంటాయి. హ్యాష్ గుర్తు పెట్టాక ఆ లైను చివరి దాకా షెల్ పట్టించుకోదు, ఏ భాషయినా దానికి ఒకటే. మా టీమ్‌లో గుంటూరావిడ ఒకరు నా స్క్రీన్ చూసి, "ఇంగ్లిష్‌లో రాసుకోవచ్చు కదండీ, అలవాటేగా" అన్నారు. అలవాటే. కానీ గమనించి చూశాను, ఇంగ్లిష్‌లో రాస్తే నేను ఏం చేశానో రాస్తున్నాను. పాత్ సరిచేశాను, ఎర్రర్ తీసేశాను, అంతే. ఆ ముక్క కింద లైను చూసినా తెలుస్తుంది. తెలుగులో రాస్తే ఏం జరిగిందో చెప్పుకుంటున్నాను. ఇంట్లోవాళ్ళకు చెప్పినట్టు వస్తుంది. అందరూ కలిసి వాడే స్క్రిప్టుల్లో, అంటే కమాండ్లు వరసగా రాసిన ఫైళ్ళలో, అందరికీ తెలిసిన భాషలోనే రాయాలి, అందులో వాదన లేదు. ఇది నా సొంత ఫైలు, దీన్ని చదివేది మూడేళ్ళ తర్వాతి నేను.

ఒకటి చూపిస్తాను. మా అమ్మ చేసే పచ్చళ్ళ కొలతలన్నీ ఫోన్‌లో అడిగి, ఒక్కో పచ్చడికీ ఒక్కో ఫైలు చేసి, ఫైళ్ళ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెట్టాను. ఫైళ్ళ పేర్లు కూడా తెలుగులోనే. మొదటిసారి గిట్ స్టేటస్ కొట్టగానే, "అమ్మ ఆవకాయ" అని ఉండాల్సిన చోట వెనక్కి వాలిన గీతలూ అంకెలూ వచ్చాయి. 340, 260, 205, మళ్ళీ 340, 260, ఇలా లైను నిండా. ఏది ఆవకాయో ఏది గోంగూరో తెలియదు. ఫైళ్ళు పాడయ్యాయేమోనని టెన్షన్ పడ్డాను. పాడవలేదు. అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి. గిట్ మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల పరిధి దాటిన ప్రతి బైటునూ అష్టాంశ పద్ధతిలో అంకెలుగా చూపిస్తుంది. ఆ 340, 260, 205 కలిస్తే మన "అ". గిట్ సెట్టింగుల్లో కోర్ కోట్‌పాత్ అనేదాన్ని ఫాల్స్ చేస్తే అసలు పేర్లు కనిపిస్తాయి. ఆ లైను మీద నేను రాసుకున్న కామెంట్ ఇది: "అమ్మ పచ్చళ్ళ పేర్లు అంకెలుగా వస్తున్నాయి. ఇది తీసేస్తే ఆవకాయ ఏదో తెలియదు." చాలా టెర్మినళ్ళలో ఇప్పటికీ ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి, అది నిజమే. అయినా చదవగలను. ఆ యూటీఎఫ్-8ను కూడా రాబ్ పైకే, యూనిక్స్ రాసినవాళ్ళలో ఒకరైన కెన్ థాంప్సన్‌తో కలిసి 1992లో రూపొందించారు. న్యూజెర్సీలో ఒక డైనర్‌లో, భోజనం ప్లేటు కింద పరిచే కాగితం మీద. మా అమ్మ ఆవకాయ నా స్క్రీన్ మీద ఆవకాయలాగే కనిపించడం వెనక ఆ కాగితం ఉంది.

స్క్రిప్టులకూ ఇదే మాట. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో కొన్న హార్డ్‌డిస్క్ మీదికి ప్రతి రాత్రీ నా ఫైళ్ళన్నీ ఆర్‌సింక్ అనే ప్రోగ్రాముతో కాపీ చేసే స్క్రిప్టు ఒకటుంది. 2020 అక్టోబరులో నగరం వరదలో మునిగిన ఆ రోజుల్లో మాకు కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. డిస్క్‌కు వేరే అడాప్టర్ కాబట్టి అది ఆగిపోయింది, కనెక్షన్ తెగింది. పెట్టిన టైముకి పనులు నడిపే క్రాన్ రాత్రి తన టైముకి స్క్రిప్టు నడిపింది. డిస్క్ తగిలించే ఫోల్డర్ మాత్రం అక్కడే ఉంది, ఖాళీగా. ఆర్‌సింక్ అదే డిస్క్ అనుకుని ల్యాప్‌టాప్ లోపలే కాపీ చేసుకుంటూ పోయింది. పొద్దున్నే లేచేసరికి లోపలి డిస్క్ నిండిపోయి లాగిన్ కూడా సరిగా అవడం లేదు. ఇప్పుడు ఆ స్క్రిప్టులో మొదటి పని, ఆ ఫోల్డర్ మీద నిజంగా డిస్క్ మౌంట్ అయి ఉందో లేదో మౌంట్‌పాయింట్ కమాండుతో చూడటం. లేకపోతే అక్కడే ఆగుతుంది. పైన రాసి ఉంది: "కరెంటు పోతే ఫోల్డర్ ఉంటుంది, డిస్క్ ఉండదు." ఇంటర్నెట్‌లో దొరికే బ్యాకప్ స్క్రిప్టుల్లో ఈ పరీక్ష ఉన్నవీ ఉంటాయి, లేనివీ ఉంటాయి. నేను ఎవరిదో దించుకుని, అందులో ఆ లైను ఉండి ఉంటే, అనవసరమని తీసేసే అవకాశం కూడా ఉంది. కారణం తెలియని చోట ఉంచాలా తీసెయ్యాలా ఎలా తేల్చుకుంటాం?

దీనికి ఎదురు వచ్చే మాటలు నాకు తెలుసు. మా మేనేజర్‌లాంటి పెద్దవాళ్ళు అనేది, అసలు ఏమీ మార్చొద్దు, రేపు ఎవరి సర్వర్‌లోనో కూర్చుంటే చేతులు కట్టేసినట్టవుతుంది అని. ఆర్‌ఎం దెబ్బ తిన్నవాణ్ణి, ఆ భయంలో న్యాయముందని ఒప్పుకుంటాను. అందుకే సర్వర్లలో నేను ఏదీ మార్చను, అది వేరేవాళ్ళ ఇల్లు. కానీ రోజుకు ఎనిమిది గంటలు కూర్చునేది నా మిషన్ ముందు. బాష్ మామూలుగా గుర్తుపెట్టుకునేది 500 కమాండ్లే. నా పనికి అది వారం కూడా రాదు. ఎప్పుడో ఒకసారి వేరేవాళ్ళ ఇంటికి వెళ్తామని మన ఇంట్లో కూడా చెప్పులు వెతుక్కుంటూ బతకక్కర్లేదు.

రెండో మాట కుర్రవాళ్ళది. ఓహ్ మై జీషెల్ లాంటి రెడీమేడ్ సెట్టింగుల కట్టలు ఉన్నాయి, 2009 నుంచి వేలమంది పని చేసి పెట్టారు, ఒక్క కమాండుతో అన్నీ వస్తాయి, మళ్ళీ మొదటి నుంచి ఎందుకు? వాళ్ళ పనిని తక్కువ చేయను, అందులో చదివి నేర్చుకున్నవి నాకు చాలా ఉన్నాయి. చదివి, నచ్చిన లైను ఒకటి తెచ్చి, ఎందుకు తెచ్చానో రాసుకుంటే అది నాదే అవుతుంది. గంపగుత్తగా తెచ్చుకోవడంతోనే నాకు పేచీ. పైగా ఒకరి మిషన్‌కు కుదిరింది ఇంకొకరికి కుదరదు. మ్యాక్‌లో వచ్చే బాష్ 3.2, అది 2006లో వచ్చినది. లైసెన్సు మారాక ఆపిల్ ఆ పైవి ఇవ్వలేదు, 2019లో మామూలు షెల్‌గా జీషెల్‌ను పెట్టింది. లైనక్స్ మీద బాష్ 4 నమ్ముకుని రాసిన స్క్రిప్టు మ్యాక్‌లో మొదటి లైన్లలోనే ఆగిపోవచ్చు.

మూడోది, ఇదంతా టైము దండగ అన్న మాట. కొందరికి నిజంగా దండగే. రంగులు మార్చుకుంటూ రాత్రిళ్ళు గడిపేవాళ్ళను చూశాను. నేను పెట్టుకున్న హద్దు ఏమిటంటే, ఒక ఇబ్బంది మూడోసారి వస్తేనే ఫైలు తెరుస్తాను. మొదటి రెండుసార్లు చేత్తోనే చేసుకుంటాను. రెండుసార్లు వచ్చి మాయమయ్యే ఇబ్బందులే ఎక్కువ.

ఫైళ్ళన్నీ గిట్‌లో ఉంచుతాను, హోమ్ ఫోల్డర్‌లో వాటికి దారి చూపే సింబాలిక్ లింకులు ఉంటాయి. పాస్‌వర్డ్లు, వాటిలాగే లాగిన్‌కి తాళంచెవుల్లాంటి టోకెన్లు మాత్రం అందులోకి రానివ్వను, వేరే ఫైల్లో ఉంటాయి, దాన్ని గిట్ ముట్టుకోదు. ఇది కాస్త గట్టిగానే చెప్పాలి. ఒకసారి టోకెన్‌తో సహా కమిట్ చేసి, అంటే గిట్ చరిత్రలోకి ఎక్కించి, బయటికి పంపాక, తర్వాతి కమిట్‌లో ఆ లైను తీసేసినా అది చరిత్రలో ఉంటుంది, ఎవరైనా తవ్వి తీయవచ్చు. అలా జరిగితే ముందు ఆ టోకెన్‌ను రద్దు చేయించాలి, మిగతావన్నీ ఆ తర్వాత.

ఏడాదికొకసారి దసరాకు, ఆయుధ పూజ రోజు పొద్దున, బాష్‌ఆర్‌సీ, వేరే సర్వర్లలోకి లాగిన్ చేయించే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాము సెట్టింగులుండే ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ రెండూ మొదటి నుంచి చివరి దాకా చదువుతాను. మా నాన్న ఆ రోజు ఇంట్లో కొడవలి, పార కడిగి బొట్లు పెట్టేవాడు. నా పనిముట్లు ఇవి. ప్రతి కామెంటూ చదివి, ఈ ఇబ్బంది ఇంకా ఉందా అని అడుగుతాను. లేకపోతే లైను తీసేస్తాను. మాదాపూర్ కంపెనీ ప్రాక్సీ అడ్రసు అలాగే పోయింది. ఒక సర్వర్ గుండా ఇంకో సర్వర్‌కు వెళ్ళడానికి ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో బారెడు ప్రాక్సీ కమాండు రాసుకున్నాను, పైన "నేరుగా వెళ్ళే దారి లేదు, నడిమి సర్వర్ నుంచి పోవాలి" అని ఉంది. 2016లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 7.3లో ఆ పనే చేసే ప్రాక్సీజంప్ అనే పొట్టి సెట్టింగు వచ్చింది. కారణం రాసి ఉంది కాబట్టి, ఆ బారెడు లైను తీసి రెండు మాటల్లో పెట్టడానికి ఒక్క నిమిషం పట్టింది. పోయిన దసరాకు లెక్కపెడితే బాష్‌ఆర్‌సీలో కామెంట్లు కలిపి 187 లైన్లున్నాయి.

అన్నట్టు, మా కుర్రాడు చూసి ఆశపడిన ఆ రెండక్షరాల లాగిన్ బాష్‌ఆర్‌సీలోనే లేదు. అది ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో ఉంది. అడిగిన ఫైలు పంపి ఉంటే వాడికి 187 లైన్లు చేరేవి, కావాల్సింది మాత్రం అందులో ఉండేది కాదు.

మొన్న శుక్రవారం పని అయ్యాక వాణ్ణి పిలిచాను. కుర్చీ పక్కకు లాక్కుని కూర్చున్నాం. ముందు ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో వాడు రోజూ వెళ్ళే సర్వర్‌కు వాడికి నచ్చిన పేరు పెట్టుకున్నాడు. తర్వాత బాష్‌ఆర్‌సీ తెరిచాం. "ఈ నెలలో నిన్ను మూడుసార్లన్నా ఏడిపించింది ఏంది?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఏ కమాండు ఎప్పుడు కొట్టిన్నో తెలుస్తలేదన్నా, హిస్టరీల టైము ఉండది" అన్నాడు. హిస్టరీలో టైము చూపించడానికి హిస్ట్‌టైమ్‌ఫార్మాట్ అనే వేరియబుల్ ఉందని చెప్పాను. మాన్యువల్ పేజీ వాడే తెరిచి, తేదీ ముందు రావాలా గంట ముందు రావాలా అని చూసుకుని రాసుకున్నాడు. ఇప్పటి దాకా కొట్టినవాటికి నిజంగా కొట్టిన టైము రాదు, ఇక్కడి నుంచే లెక్క అని చెబితే తలూపాడు. లైను పైన హ్యాష్ పెట్టి, తెలుగు కీబోర్డు మార్చుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేశాడు. "గురువారం మైగ్రేషన్ ఎన్ని గంటలకు నడిపినవ్ అని క్లయింట్ అడిగితే చెప్పలేకపోయిన."